మీకు తెలుసా? ప్రకటన ఆపి చూస్తేనే దాని బలం తెలుస్తుంది

ఇంటర్నెట్‌లో తొలి బ్యానర్ ప్రకటనల్లో అందరూ చెప్పుకునేది 1994 అక్టోబరు 27 నాటిది. హాట్‌వైర్డ్ అనే అమెరికన్ వెబ్ పత్రికలో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ దాన్ని వేయించింది. చూసిన ప్రతి వందమందిలో 44 మంది దానిమీద నొక్కారని అప్పటి లెక్క. ఇవాళ ఆ తరహా బ్యానర్లకు వందకు ఒక్క క్లిక్ వచ్చినా గొప్పే.

ఆ 44 మంది వెళ్లింది ఫోన్ కనెక్షన్లు అమ్మే పేజీకి కాదు. ప్రపంచంలోని కళా మ్యూజియాలను తెరమీద చూపించే పేజీకి. కాబట్టి 44 అనే అంకె జనం కుతూహలాన్ని కొలిచింది, కొనుగోలును కాదు. డిజిటల్ మార్కెటింగ్ పుట్టిన ఏడాదే ఈ తేడా కూడా పుట్టింది. ముప్పై ఏళ్లు దాటాక కూడా ఊరూరా చిన్న వ్యాపారులు నెలనెలా రిపోర్టులు అందుకుంటున్నారు. ఇన్ని ఇంప్రెషన్లు, ఇన్ని క్లిక్కులు, ఇంత రీచ్ అని వాటిలో ఉంటుంది. అందులో అసలు ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఉండదు. ఈ ప్రకటన వేయకపోతే ఎన్ని అమ్మకాలు తగ్గేవి? ఈ వారం ముచ్చట్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

కంప్యూటర్ లేని కాలంలోనే మొదలైన డేటా

డేటా చూసి ప్రకటన మార్చుకోవడం ఇంటర్నెట్‌తో రాలేదు. అమెరికన్ ప్రకటనల రచయిత క్లాడ్ హాప్కిన్స్ 1923లో ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ అనే చిన్న పుస్తకం రాశాడు. పత్రికలో వేసే ప్రతి ప్రకటన కింద ఒక కూపన్ పెట్టాలని, ఏ కూపన్ ఏ పత్రిక నుంచి, ఏ శీర్షిక నుంచి వచ్చిందో తెలిసేలా గుర్తు వేయాలని ఆయన గట్టిగా వాదించాడు. వచ్చిన కూపన్లు లెక్కపెడితే ఒక్కో జవాబుకు ఎంత ఖర్చయిందో తేలుతుంది. ఖరీదు ఎక్కువ పడిన శీర్షికను తీసేసి, తక్కువ పడినదాన్ని పెద్ద పత్రికలకు పంపడమే ఆయన పద్ధతి.

ఇవాళ లింకుల చివర కనిపించే యూటీఎం గుర్తులు చేసే పని ఇదే. ఫేస్‌బుక్‌లో పెట్టిన లింకుకు ఒక గుర్తు, వాట్సాప్‌లో పంపినదానికి మరొకటి, కరపత్రం మీది క్యూఆర్ కోడ్‌కు ఇంకొకటి పెడతారు. అర్చిన్ అనే కంపెనీ తయారుచేసిన ఏర్పాటు ఇది. గూగుల్ 2005లో ఆ కంపెనీని కొని, అదే ఏడాది గూగుల్ అనలిటిక్స్‌ను జనానికి ఉచితంగా ఇచ్చింది.

వెబ్‌సైట్ లేని దుకాణానికి ఇంతకన్నా తేలికైన దారి ఉంది. ఒక్కో చోట ప్రకటనలో ఒక్కో మాట పెట్టి, ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెబితే చిన్న తగ్గింపు ఇవ్వాలి. పూట చివర నోటుపుస్తకంలో గీతలు గీసుకుంటే చాలు, హాప్కిన్స్ కూపన్ లెక్క మీ చేతికి వచ్చినట్టే.

ఈబే ప్రకటనలు ఆపేసిన రోజు

ఈ రంగంలో పని చేసేవాళ్లంతా ఒక్కసారైనా చదవాల్సిన ప్రయోగం ఒకటుంది. ఆన్‌లైన్ వేలం కంపెనీ ఈబే ఎన్నో ఏళ్లు తన పేరు మీదే సెర్చ్ ప్రకటనలు కొనేది. ఎవరైనా సెర్చ్‌లో ఈబే అని కొడితే పైన డబ్బు కట్టిన ప్రకటన, దాని కిందే ఉచితంగా వచ్చే ఈబే లింకు ఉండేవి. పై లింకు మీద నొక్కినవాళ్లు కొన్న సరుకంతా ప్రకటన ఖాతాలో పడేది. కాగితం మీద లాభం అద్భుతంగా కనిపించేది.

అక్కడ పనిచేస్తున్న ఆర్థికవేత్తలు థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్‌లకు ఇక్కడే అనుమానం వచ్చింది. సెర్చ్‌లో ఈబే అని తానే టైపు చేసిన మనిషి ఎలాగూ ఈబేకే వస్తున్నాడు కదా, మరి అతణ్ని తీసుకొచ్చింది ప్రకటనేనా? 2012 మార్చిలో యాహూ, ఎంఎస్ఎన్ సెర్చ్‌లలో ఆ ప్రకటనలను ఆపించి, గూగుల్‌లో మాత్రం కొనసాగించారు. పోల్చి చూసుకోవడానికి ఒక వైపు కదలకుండా ఉండాలి కాబట్టే గూగుల్‌ను ముట్టుకోలేదు. ఆపిన చోట ప్రకటన ద్వారా రావాల్సిన రాకపోకల్లో 99.5 శాతం కిందనున్న ఉచిత లింకు ద్వారా వచ్చేసింది. అంటే కంపెనీ తన వాకిట్లోకి వస్తున్నవాళ్లకే దారి ఖర్చు కడుతూ వచ్చింది.

వాళ్లు అక్కడితో ఆగలేదు. తమ పేరు లేని మాటల మీద, అంటే గిటార్లు, బూట్లు, కెమెరాల వంటి వస్తువుల పేర్ల మీద వేసే ప్రకటనల సంగతి కూడా చూశారు. అమెరికాను ప్రసార ప్రాంతాలుగా విడగొట్టి, సుమారు మూడో వంతు ప్రాంతాల్లో ఆ ప్రకటనలను ఆపి, మిగతా చోట్ల ఉంచారు. మొత్తం అమ్మకాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పాత పద్ధతి లెక్కలో పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు వచ్చినట్టు కనిపించిన ఖర్చు, ప్రయోగం లెక్కలో నష్టంగా తేలింది.

అయితే ఫలితాలను విడగొట్టి చూసినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఈబేలో ఎప్పుడూ కొననివాళ్ల మీద, చాలాకాలంగా రానివాళ్ల మీద ఆ ప్రకటనలు నిజంగా పనిచేశాయి. తరచుగా కొనేవాళ్ల మీద పని చేయలేదు. పాత ఖాతాదారులే ఎక్కువ క్లిక్కులు చేస్తారు గనుక ఖర్చంతా వాళ్ల దగ్గరే కరిగిపోయింది. ఈ పరిశోధన 2015లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో అచ్చయింది.

దీన్ని ‘ప్రకటనలు దండగ’ అని చదివితే పొరపాటు. ఈబే పేరు అమెరికాలో అప్పటికే ఇంటింటికీ తెలుసు. నిరుడు తెరిచిన డెంటల్ క్లినిక్‌కు ఆ పేరు లేదు. సెర్చ్‌లో తన పేరు కొట్టినప్పుడు పక్క క్లినిక్ ప్రకటన పైన వస్తుంటే, ఆ డాక్టర్‌కు లెక్క వేరుగా ఉండొచ్చు. ఎవరికి వారు ఆపి చూసుకుంటేనే ఆ లెక్క తేలుతుంది. వేరే కంపెనీ జవాబును తెచ్చి మన దుకాణానికి తగిలించుకోకూడదు.

అందరికీ నచ్చిన వీడియో ఓడిపోయింది

2007 డిసెంబరులో బరాక్ ఒబామా ప్రచార బృందం తమ వెబ్‌సైట్ మొదటి పేజీని పరీక్షకు పెట్టింది. గూగుల్ నుంచి వచ్చిన డాన్ సిరోకర్ ఆ పని నడిపించాడు. బటన్ మీది మాటలకు నాలుగు రకాలు, పైన కనిపించే బొమ్మ లేదా వీడియోకు ఆరు రకాలు తీసుకుంటే మొత్తం 24 కూర్పులయ్యాయి. వచ్చినవాళ్లందరినీ లాటరీ తీసినట్టు ఈ 24 పేజీలకు పంచారు. పరీక్షలో పాల్గొన్నవాళ్లు మూడు లక్షల పైచిలుకు.

బృందంలో అందరూ మెచ్చిన వీడియో ఒకటుంది. పరీక్ష పెట్టకపోతే దాన్నే వాడేవాళ్లమని సిరోకర్ తర్వాత చెప్పాడు. వీడియోలన్నీ మామూలు ఫొటోల కన్నా వెనకబడ్డాయి. గెలిచింది ఒబామా భార్యాపిల్లలతో ఉన్న ఫొటో, దాని కింద ‘మరింత తెలుసుకోండి’ అనే బటన్. పాత పేజీలో వందకు 8.26 మంది ఈమెయిల్ ఇస్తుంటే కొత్త పేజీలో 11.6 మంది ఇచ్చారు. సిరోకర్ అంచనా ప్రకారం ప్రచారం ముగిసేసరికి ఈ ఒక్క మార్పు వల్ల 28 లక్షలకు పైగా ఈమెయిల్ చిరునామాలు, సుమారు 6 కోట్ల డాలర్ల విరాళాలు అదనంగా వచ్చాయి.

మైక్రోసాఫ్ట్‌లో ఇంతకన్నా చిన్న మార్పు ఇంతకన్నా పెద్ద ఫలితం ఇచ్చింది. బింగ్ సెర్చ్‌లో ప్రకటన శీర్షిక పక్కనే దాని కింది వాక్యాన్ని కూడా చేర్చి, శీర్షికను పొడుగు చేద్దామని ఒక ఉద్యోగి సూచించాడు. పెద్ద విషయంగా ఎవరికీ అనిపించక ఆరు నెలలకు పైగా ఆ సూచన పక్కన పడి ఉంది. చివరికి 2012లో ఒక ఇంజినీర్ కొద్ది రోజుల పనితో దాన్ని పరీక్షకు పెట్టాడు. కొన్ని గంటల్లోనే హెచ్చరిక మోగింది. ఆదాయం మరీ ఎక్కువ వస్తోంది, ఎక్కడో లోపం ఉందేమో చూడండని దాని అర్థం. లోపం లేదు. ఆదాయం 12 శాతం పెరిగింది, ఆ పెరుగుదలే అమెరికాలో ఏడాదికి 10 కోట్ల డాలర్లు దాటింది. ఆ కంపెనీలో ప్రయోగాల విభాగాన్ని నడిపిన రాన్ కొహావి దీన్ని 2017లో వివరంగా రాశాడు. ఆ రోజు మోగిన హెచ్చరికే నాకు ఇందులో ఎక్కువ నచ్చిన విషయం. మంచి వార్త వచ్చినా ముందు అనుమానించమని చెప్పే ఏర్పాటును వాళ్లు ముందే కట్టుకున్నారు.

తెలుగువాడు గీసిన హద్దు

మార్కెటింగ్ ఏజెన్సీల్లో రోజూ వాడే ఈ పరీక్షల వెనక మనవాడు ఒకాయన ఉన్నాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్. రావు. 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరాడు. తర్వాత కేంబ్రిడ్జిలో రోనాల్డ్ ఫిషర్ దగ్గర డాక్టరేట్ చేశాడు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో ఏ ఎరువు ఏ మడికి వేయాలో లాటరీ పద్ధతిలో పంచి పోల్చాలని చెప్పిన ఫిషర్ ఈయనే. ఎరువును మడులకు పంచినట్టే ఇవాళ వెబ్‌పేజీలను మనుషులకు పంచుతున్నారు.

రావు పని రెండు చోట్ల ఈ రంగాన్ని నేరుగా తాకుతుంది. మొదటిది 1940లలో ఆయన ప్రతిపాదించిన ఆర్థోగోనల్ అరేలు. ఒక పేజీలో శీర్షిక, ఫొటో, ధర చూపే తీరు, బటన్ రంగు, డెలివరీ గడువు, ఖాతాదారుల అభిప్రాయాలు, ఫోన్ నంబరు ఉన్న చోటు అంటూ ఏడు అంశాలున్నాయనుకోండి. ఒక్కోదానికి రెండేసి రకాలు. అన్ని కూర్పులూ పరీక్షించాలంటే 128 పేజీలు కావాలి. ఆ పట్టికల ప్రకారం జాగ్రత్తగా ఎంచుకున్న ఎనిమిది కూర్పులతోనే ఏ అంశం ఎటు లాగుతోందో విడివిడిగా అంచనా కట్టొచ్చు. అంశాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే తీరును మాత్రం ఎనిమిదింటితో పట్టుకోలేం. జపాన్ కార్ఖానాల్లో నాణ్యత పెంచడానికి గెనిచి టగుచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఈ పట్టికల మీదే నిలబడింది. అక్కడి నుంచి అది వెబ్‌పేజీల పరీక్షలకూ వచ్చింది.

రెండోది 1945లో, ఆయనకు పాతికేళ్లు నిండే నాటికి, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయిన వ్యాసం. ఇవాళ క్రామెర్–రావు హద్దుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఫలితం అందులోది. తేలిక మాటల్లో చెప్పాలంటే, చేతిలో ఉన్న డేటా ఇంత అయినప్పుడు దాన్నుంచి కట్టే అంచనాలో ఒక మేరకు తప్పు ఉండి తీరుతుంది. ఎంత తెలివైన పద్ధతి వాడినా ఆ హద్దు కింది దాకా తప్పును తగ్గించలేం. కొద్ది సమాచారం నుంచి ఎక్కువ నిశ్చయం పిండుకోవడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాదు.

ఈ హద్దు మన దుకాణం దాకా ఎలా వస్తుందో చూద్దాం. పచ్చళ్లు అమ్మే వెబ్‌సైటుకు వందమంది వస్తే ఇద్దరు కొంటున్నారు. ఫొటో మారిస్తే అది రెండున్నరకు పెరుగుతుందని ఆశ. ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే, మామూలుగా వాడే ప్రమాణాల ప్రకారం పాత ఫొటోకు సుమారు 14 వేల మంది, కొత్తదానికి మరో 14 వేల మంది కావాలి. వారానికి 500 మంది వచ్చే సైటులో ఆ పరీక్ష ఏడాది దాటినా పూర్తవదు. అదే రెండు నుంచి నాలుగుకు పెరిగేంత పెద్ద మార్పును పట్టుకోవడానికి ఒక్కో వైపు పదకొండు వందల పైచిలుకు మంది చాలు. ఆ పరీక్ష అయిదారు వారాల్లో తేలుతుంది.

అందుకే చిన్న వ్యాపారులకు బటన్ రంగులు మార్చి పరీక్షించమని చెప్పే సలహా నాకు అన్యాయంగా తోస్తుంది. రంగు పరీక్షలు కోట్లమంది వచ్చే కంపెనీలకు సరిపోతాయి. కొద్దిమందే వచ్చే చోట పెద్ద మార్పులే పరీక్షించాలి. డెలివరీ ఉచితం చేస్తే ఏమవుతుంది? పావుకిలో సీసా పెడితే? ధరను ముందే చూపిస్తే? వీటి ఫలితం చిన్న లెక్కలోనూ కనబడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పరీక్ష ఎన్నాళ్లు నడపాలో ముందే నిర్ణయించుకోవాలి. రోజూ తెరిచి చూసి, మనకు నచ్చినది ముందున్న రోజున ఆపేస్తే, ఏ తేడా లేని చోట కూడా గెలిచినట్టు కనిపించే అవకాశం బాగా పెరుగుతుంది. ఇక, ఈ హద్దు గీసిన సి.ఆర్. రావుకు 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో పరిశోధన సంస్థ ఉంది. డేటా అనలిటిక్స్ కోర్సుల్లో చేరే మన పిల్లలకు మొదటి రోజే ఆయన గురించి చెప్పాలని నా కోరిక.

రిపోర్టులో అంకెలు ఎలా ఉబ్బుతాయంటే

2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ ఒక పొరపాటును ఒప్పుకుంది. వీడియోను సగటున ఎంతసేపు చూశారనే లెక్కలో మూడు సెకన్ల కన్నా తక్కువ చూసినవాళ్లను కలపకుండా భాగించింది. దాంతో సగటు 60 నుంచి 80 శాతం ఎక్కువగా కనిపిస్తూ వచ్చింది, అదీ రెండేళ్ల పాటు.

ఈమెయిల్ ఎంతమంది తెరిచారన్న అంకె 2021 సెప్టెంబరు నుంచి నమ్మదగ్గది కాదు. మెయిల్‌లో కంటికి కనబడని చిన్న బొమ్మ ఒకటి పెడతారు. అది లోడయితే తెరిచినట్టు లెక్క. యాపిల్ తన మెయిల్ యాప్‌లో ఆ బొమ్మను తన సర్వర్ల ద్వారా ముందే లోడు చేయడం మొదలుపెట్టింది. మనిషి చదవకపోయినా చదివినట్టే నమోదవుతుంది. ఐఫోన్లు ఎక్కువగా ఉండే అమెరికా తెలుగువాళ్లకు మెయిళ్లు పంపే చీరల దుకాణాలు, ఆలయ సంఘాలు, ట్రావెల్ ఏజెంట్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తెరిచిన లెక్కను వదిలేసి జవాబులను, ఆర్డర్లను లెక్కించాలి.

గూగుల్ ట్రెండ్స్‌లో ఒక మాటకు 100 కనిపిస్తే వందమంది వెతికారని అర్థం కాదు. మీరు ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో ఆ మాటకు గిరాకీ శిఖరానికి చేరిన సమయం అది. మిగతావన్నీ దానితో పోల్చిన పాళ్లు. ఈ ఉచిత సాధనంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను విడివిడిగా చూడొచ్చు. ఒక వస్తువు కోసం వెతుకులాట ఏ నెలలో లేస్తుందో, ఏ నెలలో పడుతుందో ఏళ్ల తరబడి గీత కనిపిస్తుంది. మనవాళ్లు తెలుగు లిపిలోనూ వెతుకుతారు, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు రకాలుగానూ రాసి వెతుకుతారు. అన్నీ కలిపి చూడకపోతే గిరాకీ తక్కువని పొరబడతాం.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో మీరు చేర్చిన మనిషి తన ఫోన్లో మీ నంబరు సేవ్ చేసుకోకపోతే ఆ సందేశం అతనికి అందదు. ఎంతమందికి పంపామన్నది కాక ఎంతమందికి అందింది, ఎంతమంది చదివారన్నది వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని గణాంకాల్లో చూసుకోవాలి.

పెద్ద కంపెనీలకూ ఇలాంటి మేలుకొలుపు తప్పలేదు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 2017లో డిజిటల్ ప్రకటనల ఖర్చులో 20 కోట్ల డాలర్లు కోసేసింది. మొబైల్ ఫీడ్‌లో ఒక ప్రకటన మీద కన్ను నిలిచేది సగటున 1.7 సెకన్లేనని తేలాక ఆ నిర్ణయం తీసుకుంది. మిగిలిన డబ్బును సరిగ్గా సర్దేసరికి తమ ప్రకటనలు చేరే జనం 10 శాతం పెరిగారని ఆ కంపెనీ ప్రకటించింది.

వెంటాడే కాలం ముగుస్తోంది

2021 ఏప్రిల్‌లో యాపిల్ తన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో ఒక చిన్న ప్రశ్న తెచ్చింది. ఈ యాప్ మిమ్మల్ని ఇతర యాప్‌లలో కూడా అనుసరించవచ్చా, వద్దా? ఎక్కువమంది వద్దన్నారు. ఆ మార్పు వల్ల 2022లో తమ ఆదాయానికి సుమారు 1,000 కోట్ల డాలర్ల దెబ్బ తగులుతుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఆ ఏడాది ఫిబ్రవరిలో చెప్పింది. గూగుల్ మాత్రం తన క్రోమ్ బ్రౌజర్‌లో, మనుషులను సైటు నుంచి సైటుకు వెంటాడే ఇతర సైట్ల కుకీలను తీసేస్తామని 2020 జనవరిలో ప్రకటించి, వాయిదా మీద వాయిదా వేసి, 2024 జులైలో ఆ ఆలోచన విరమించుకుంది.

మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమలు చేయడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల ప్రవర్తనను గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయడం నిషిద్ధం. దీన్ని ముందుగా చదువుకోవాల్సినవాళ్లు మన కోచింగ్ సెంటర్లు, ఇంటర్ కాలేజీల ప్రచార విభాగాలవాళ్లు. పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్ల జాబితాలు చేతులు మారుతుంటాయని తల్లిదండ్రులంతా ఎరుగుదురు. పరీక్ష ముగిసిన రోజు నుంచే మొదలయ్యే ఆ ఫోన్ల బాధ ఈ చట్టంతోనైనా తీరాలి.

మీ ఫోన్‌కు వచ్చే వ్యాపార ఎస్ఎంఎస్‌లలో పంపినవారి పేరు చివర ఒక అక్షరం కనిపిస్తుంది. 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు సవరించాక వచ్చిన ఏర్పాటు ఇది. ‘పీ’ ఉంటే ప్రచారం, ‘ఎస్’ ఉంటే సేవకు సంబంధించినది, ‘టీ’ అంటే లావాదేవీ, ‘జీ’ అంటే ప్రభుత్వం. ప్రచార సందేశాన్ని సేవా సందేశంలా చూపించి పంపే పద్ధతికి ఇక చోటు ఉండకూడదు.

ఇతరుల నుంచి కొన్న జాబితాలకు, వెంటాడే కుకీలకు కాలం చెల్లుతున్నకొద్దీ విలువ పెరిగేది ఖాతాదారు ఇష్టంతో మనకిచ్చిన సమాచారానికే. ఎప్పుడు కొన్నాడు, ఏం కొన్నాడు, మళ్లీ వచ్చాడా అన్నది మన బిల్లు పుస్తకంలోనే ఉంది. ఈబే ప్రయోగంలో పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ విడగొట్టగలిగింది ఇలాంటి సొంత రికార్డులతోనే.

ఆవకాయ రుతువులో పరీక్ష

వేసవిలో ఆవకాయ అమ్మకాలు లేస్తాయి. ఏప్రిల్‌లో ప్రకటనలు మొదలుపెట్టి, మే నెలలో అమ్మకాలు రెండింతలయ్యాయని రిపోర్టు చూపిస్తే ఆ ఘనత ప్రకటనదా, మామిడికాయదా? సంక్రాంతికి బట్టల దుకాణం, అక్షయ తృతీయకు నగల దుకాణం, జూన్‌లో పుస్తకాల దుకాణం ఇదే చిక్కులో ఉంటాయి. గిరాకీ ఉన్నప్పుడే అందరూ ప్రకటనలు వేస్తారు కాబట్టి ప్రకటన వేసిన నెలలన్నీ మంచి నెలలుగానే కనిపిస్తాయి. కిందటి నెలతో పోల్చడం ఇక్కడ పనికిరాదు. అదే రోజుల్లో ప్రకటన లేని చోటు ఒకటి ఉండాలి.

ఫేస్‌బుక్, గూగుల్ రెండింటిలోనూ ప్రకటనను ఊరి వారీగా, జిల్లా వారీగా పెట్టొచ్చు, ఆపొచ్చు. ఉభయ రాష్ట్రాలకు కొరియర్‌లో పచ్చళ్లు పంపే వ్యాపారి ఒకరు ఉన్నారనుకుందాం. ముందుగా గత కొన్ని నెలల బిల్లులు జిల్లాల వారీగా విడగొట్టాలి. గుంటూరు, ప్రకాశం, వరంగల్, కరీంనగర్, నెల్లూరు, ఖమ్మం అంటూ ఆర్డర్లు ఎక్కువగా వచ్చే జిల్లాలను జంటలుగా కట్టాలి. జంటలోని రెండు జిల్లాల అమ్మకాలు ఇన్నాళ్లూ కలిసి పెరిగి, కలిసి తగ్గుతూ ఉండాలి. ఒక్కో జంటలో దేనికి ప్రకటన వేయాలో నాణెం ఎగరేసి నిర్ణయించాలి. మనకు నచ్చిన జిల్లాను మనమే ఎంచుకుంటే ఫలితం అక్కడే చెడుతుంది. ఒక్క జంట చాలదు. ఒక జిల్లాలో ఆ వారం పెళ్లిళ్లు ఎక్కువుంటేనో, కొరియర్ ఆలస్యమైతేనో లెక్క తారుమారవుతుంది. అయిదారు జంటలుంటే ఆ ఒడుదొడుకులు కొంత సర్దుకుంటాయి.

నాలుగు వారాలు అలా నడపాలి. ఆ నాలుగు వారాలూ ధర మార్చకూడదు, కొత్త ఆఫర్ పెట్టకూడదు, వాట్సాప్‌లో పంపే సందేశాలు అన్ని జిల్లాలకూ ఒకేలా ఉండాలి. క్లిక్కులు చూడనక్కర్లేదు. జిల్లాల వారీగా ఆర్డర్లను, అందులో కొత్త ఖాతాదారులెందరో, పాతవాళ్లెందరో రాసుకోవాలి. ప్రకటన వేసిన జిల్లాల్లో అదనంగా వచ్చిన ఆర్డర్ల మీద మిగిలిన లాభాన్ని ఒక పక్కన, ప్రకటనకు పెట్టిన ఖర్చును ఇంకో పక్కన పెట్టాలి. అమ్మకం మొత్తాన్ని కాదు, సరుకు, సీసా, కొరియర్ ఖర్చులు పోగా మిగిలినదాన్నే. ఏజెన్సీ చేతికి వచ్చే నెల బడ్జెట్ ఇచ్చే ముందు ఈ పట్టికను వాళ్ల ముందు పెట్టి, కొత్తవాళ్లు ఎక్కువగా వచ్చిన జిల్లాల్లో ఖర్చు పెంచమని, పాతవాళ్లే కొన్న చోట తగ్గించమని అడగొచ్చు.